వంకాయ మీద ఎవరి మాట చెల్లాలి?



మన హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కుళ్లిన సరుకు నుంచి గ్యాసు, దాంతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పద్ధతి అది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల దాకా తీసేలా కట్టారు. ఎంత చెత్తకు ఎంత గ్యాసు పుడుతుందన్నది చేతులెత్తి తేల్చే విషయం కాదు. అక్కడ నిపుణుడి మాటే చెల్లాలి.

అదే మార్కెట్లో వంకాయల దగ్గరికి వెళ్లండి. కొనేవాళ్లు ఒక్కో కాయా తిప్పి చూస్తారు. సన్నటి రంధ్రం కనబడితే పక్కన పెట్టేస్తారు, పుచ్చని. ఆ కాయతొలుచు పురుగును చంపే గుణాన్ని మొక్కలోనే పెట్టిన బీటీ వంగకు 2009 అక్టోబరులో కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అంతటితో సరిపెట్టలేదు. హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు పెట్టారు. దాదాపు 8,000 మంది వచ్చారు.

నిపుణులంతా ఒకవైపు, జనమంతా ఒకవైపు నిలబడ్డారనుకోకండి. మన కణ, అణు జీవశాస్త్ర కేంద్రాన్ని (సీసీఎంబీ) స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ, అప్పట్లో ఆ ఆమోద కమిటీకి సుప్రీంకోర్టు నియమించిన పరిశీలకుడు. చేసిన పరీక్షలు చాలవని గట్టిగా వాదించింది ఆయనే. 2010 ఫిబ్రవరి 9న మంత్రి అనుమతిని నిలిపివేశారు, కారణాలన్నీ రాతపూర్వకంగా బయటపెట్టారు.

శాస్త్రం ఓడిపోయిందని కొందరు బాధపడ్డారు. నేను ఒప్పుకోను. పురుగు చస్తుందా, తిన్నవారికి హాని ఉందా అన్నవి ప్రయోగశాల తేల్చాలి. విత్తనం ఎవరి చేతిలో ఉండాలి, నాటు రకాలు కలుషితమైతే ఆ నష్టం ఎవరిది, తొందరపడాల్సిన అవసరం ఏమిటి? వీటికి జవాబు చెప్పే హక్కు పండించేవారిది, తినేవారిది.

అయితే ఆ నిర్ణయం విషయంలో నన్ను బాధించేది ఒకటుంది. మంత్రి అనుమతిని ఆపింది, స్వతంత్ర అధ్యయనాలతో భద్రత రుజువయ్యేదాకా అన్న షరతు మీద. బంగ్లాదేశ్ 2013లో బీటీ వంగకు అనుమతిచ్చి, ఆపై సాగులోకి తెచ్చింది. మనం ప్రశ్నను అలాగే వదిలేశాం. జనాన్ని అడగడం ఎంత అవసరమో, వారడిగినదానికి పరీక్షలు చేసి జవాబు తెచ్చివ్వడమూ అంతే అవసరం.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ఇలాంటి కమిటీల్లో కూర్చుంటారు. మీకు తెలిసింది, తెలియనిది వేర్వేరుగా రాయండి. మీ పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారో మొదటి పేజీలోనే చెప్పండి. నివేదిక తెలుగులో కూడా ఉండాలని పట్టుబట్టండి.