మనసు చెదిరిన మనిషి ఎదుట పోలీసు: బుచ్చిరెడ్డిపాలెం స్నాతకోత్సవ ప్రసంగం



పట్టా చేతికందే రోజున వక్తలు సాధారణంగా ఉద్యోగాల గురించి, పైచదువుల గురించి మాట్లాడుతారు. ఈ ప్రసంగం మాత్రం పాఠ్యప్రణాళికలలో అంతగా చోటు దొరకని ఒక విషయాన్ని ఎంచుకొంటున్నది. మనసు అదుపు తప్పిన మనిషి వీధిలో నిలబడినప్పుడు అతని ఎదుటికి వచ్చే పోలీసు ఎలా నడుచుకోవాలి, చట్టం ఏమంటున్నది, ఆచరణ ఎక్కడ ఆగిపోయింది అన్నది ఆ విషయం. ఇక్కడి పట్టభద్రులలో కొందరు ఎస్.ఐ. పరీక్షకో కానిస్టేబుల్ పరీక్షకో కూర్చునేవారు. మరికొందరు సచివాలయాలలో, ఆసుపత్రులలో, బడులలో కుదురుకొనేవారు. ఏ కొలువూ దొరకకపోయినా, వీధిలో గలాటా జరిగితే జేబులోంచి ఫోను తీసి 112 నొక్కేవారు మాత్రం అందరూ.

మానసిక సంక్షోభం అంటే ఆలోచన, ఉద్వేగం, గ్రహింపు అన్నవాటిలో ఒకటో, అన్నీనో ఉన్నట్టుండి తలకిందులై, మనిషి తనకు గాని ఎదుటివారికి గాని హాని చేసే స్థితికో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితికో చేరడం. ఎవరికీ వినిపించని మాటలు వినిపించి, లేని శత్రువులు వెంటపడుతున్నట్టు తోచే సైకోసిస్ దీనికి ఒక కారణం కావచ్చు. తాగుడు కావచ్చు, తాగుడు హఠాత్తుగా మానడం కావచ్చు. భరించలేని దుఃఖమూ కావచ్చు. 2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. చికిత్స అందని జబ్బు ముదిరి వీధిన పడిన నాడు దాన్ని మొదట చూసేది వైద్యుడు కాడు, బీటులో ఉన్న కానిస్టేబుల్.

బుచ్చిరెడ్డిపాలెం వారికి ఈ విషయం కొత్తది కాదు. మండలంలోనే, పెన్న ఒడ్డున ఉన్న జొన్నవాడ కామాక్షితాయి గుడికి, మతి చెదిరినవారిని, గాలి సోకిందని ఇంట్లోవారు నమ్మినవారిని తీసుకువచ్చి, అక్కడ నిద్ర చేయించే ఆచారం తరతరాలుగా సాగుతున్నది. ఈ నమ్మకాన్ని చదువుకున్నవారు వెక్కిరించడం తేలిక. అయితే వెక్కిరించేవారు ఒక సంగతి గమనించరు. జబ్బు మనిషిని ఇంటి వెనుక గదిలో దాచకుండా, తల్లో భార్యో పక్కనే చాప పరచుకొని, వేళకు అన్నం పెడుతూ నలుగురి మధ్య ఉంచుకొనే చోటు అది. లోపించినది భక్తి కాదు, ఆ చాప దాకా నడిచి వచ్చే వైద్యుడు. ఆ లోపం ఎంత దూరం పోగలదో తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెలిసింది: దర్గా చుట్టూ వెలసిన ఆశ్రమాలలో ఒకదానికి నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు కదలలేక కాలిపోయారు. మనిషిని గొలుసులతో బంధించడాన్ని, ఏ రూపంలోనైనా సరే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆ చట్టమే పోలీసు పనిని కూడా మార్చివేసింది. వలస పాలకులు 1912లో చేసిన చట్టం, తిరుగాడుతున్న మతిస్థిమితం లేనివారిని అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే అధికారాన్ని ఠాణా అధికారికి ఇచ్చింది. 1987 చట్టం అరెస్టును తొలగించి రక్షణ అన్నది గాని, 24 గంటలలో మేజిస్ట్రేటు దగ్గరికే తీసుకుపొమ్మన్నది. అంటే జబ్బు మనిషి నడిచిన దారి దొంగ నడిచిన దారే. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 చట్టం 100వ సెక్షనులో ఆ దారిని ఆసుపత్రి వైపు తిప్పింది. మానసిక వ్యాధి వల్ల తన్ను తాను చూసుకోలేకుండా తిరుగుతున్నవారిని, తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్నవారిని తన రక్షణలోకి తీసుకోవడం ఠాణా అధికారి విధి. ఎందుకు తీసుకొంటున్నదీ ఆ మనిషికి గాని, అతని తరఫున నిర్ణయాలు చెప్పడానికి నియమితుడైన ప్రతినిధికి గాని చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితులలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్పులో గాని జైలులో గాని ఒక్క గంటయినా ఉంచరాదు. చేర్చుకోవలసినంత జబ్బు లేదని వైద్యాధికారి చెబితే ఆ మనిషిని ఇంటి దగ్గర దించవలసినదీ పోలీసులే, ఇల్లే లేకపోతే ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చవలసినదీ వారే. దిక్కులేకుండా తిరిగేవారి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. చట్టం ఇక్కడ అడుగుతున్నది విశాఖపట్నంలోని మానసిక వైద్యశాల కాదు, దగ్గరలో ఉన్న ప్రభుత్వాసుపత్రి అన్న సంగతి చాలా ఠాణాలలో ఇంకా ఇంకలేదనే చెప్పాలి.

చట్టం కాగితం మీద ఇంత స్పష్టంగా ఉండగా తెలుగు నేల మీద ఏమి జరిగిందో తెలియడానికి 2020 మే 16 నాటి విశాఖపట్నం చాలు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు వైద్యునిగా పనిచేసిన డాక్టర్ కె. సుధాకర్, కరోనా తొలినాళ్లలో వైద్యులకు మాస్కులు చాలడం లేదని బహిరంగంగా మాట్లాడి ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. మే 16న జాతీయ రహదారి మీద ఒక వ్యక్తి తాగి గొడవ చేస్తున్నాడని డయల్ 100కు ఫోను వచ్చిందని, వెళ్లి చూశాక గాని ఆయన ఎవరో తెలియలేదని పోలీసులు చెప్పారు. రాష్ట్రమంతా చూసిన వీడియోలలో మాత్రం, చొక్కా లేని ఒక నడివయసు మనిషి, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి ఉండగా, రోడ్డు మీద పడి ఉన్నారు. ఒక కానిస్టేబుల్ చేతి లాఠీ లేచింది. ఆ తర్వాత ఆయనను ఆటోలోకి ఎక్కించారు. లాఠీ ఎత్తిన కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. వైద్యుణ్ణి మొదట కింగ్ జార్జి ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు.

విషయం లేఖ రూపంలో హైకోర్టుకు చేరింది. మేజిస్ట్రేటు వెళ్లి వాంగ్మూలం తీసుకొని ఆరు గాయాలు నమోదు చేయగా, ప్రభుత్వం సమర్పించిన నివేదికలో ఒక్క గాయమే కనిపించడం న్యాయమూర్తులను కలవరపరచింది. మే 22న దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించారు. తన కొడుకును విడిపించమని తల్లి హెబియస్ కార్పస్ పిటిషను, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించే అభ్యర్థన, వేయగా, ఆయన సూపరింటెండెంటుకు చెప్పి ఎప్పుడైనా వెళ్లవచ్చునని జూన్‌లో కోర్టు అన్నది. 2021 మే 21న సుధాకర్ గుండెపోటుతో మరణించారు.

ఈ ఘటన చుట్టూ రెండు పార్టీల రాజకీయం అల్లుకొన్నది. ఆయన తాగారా, జబ్బుపడ్డారా, కుట్రకు బలయ్యారా అన్న వాదన టీవీలలో నెలల తరబడి సాగింది. ఈ ప్రసంగం దృష్టిలో ఆ వాదన పక్కదారి. తాగి ఉన్నారనే అనుకొన్నా, మద్యపానంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా 2017 చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చింది. జబ్బుపడ్డారనుకొంటే 100వ సెక్షను వర్తిస్తుంది. రెండూ కావు, ఆయన ప్రభుత్వాన్ని ప్రశ్నించిన ఉద్యోగి మాత్రమే అనుకొంటే, రాజకీయ స్థితిని బట్టి గాని, సమాజంలో చెల్లుబాటయ్యే రాజకీయ, వృత్తి విలువలతో పొసగలేదన్న కారణాన గాని ఎవరినీ మానసిక రోగిగా నిర్ధారించరాదని అదే చట్టం 3వ సెక్షను చెబుతున్నది. ఏ దారిన వెళ్లినా తాడుకూ లాఠీకీ చోటు దొరకదు. ఆసుపత్రికి చేర్చాం కదా అన్న సమాధానం సరిపోదు, ఎందుకంటే మనిషిని చేర్చిన తీరే అతనికి అందిన మొదటి చికిత్స.

కానిస్టేబుల్ పక్షాన కూడా ఒక మాట ఉన్నది. ఫోనులో అతనికి అందేది ఎవడో పిచ్చోడు గొడవ చేస్తున్నాడన్న ఒక్క వాక్యం. ఆ మనిషి చేతిలో కత్తి ఉందో లేదో తెలియదు. చుట్టూ వందమంది సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకొని ఉంటారు. ముందురోజు రాత్రి బందోబస్తు నుంచి వచ్చి నిద్ర లేకుండా డ్యూటీ ఎక్కి ఉంటాడు. అతనికి నేర్పిన విద్య గుంపును చెదరగొట్టడం, నిందితుణ్ణి లొంగదీయడం. గట్టిగా అరిస్తే మామూలు తాగుబోతు లొంగుతాడు. తనను చంపడానికి ఎవరో వస్తున్నారని నమ్ముతున్న రోగి మాత్రం ఆ అరుపు విని తన భయం నిజమేననుకొంటాడు. కనుక చేయవలసినవి మామూలు ఠాణా అలవాట్లకు తలకిందులుగా ఉంటాయి. జీపు సైరను ఆపాలి. గుంపును వెనక్కి పంపాలి. ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు ఊరకుండాలి. నాలుగడుగుల దూరంలో, చేతులు కనబడేలా, పక్కకు నిలబడి, పేరు అడిగి ఆ పేరుతో పిలవాలి. మన నెల్లూరు వైపు అన్నా అనో పెద్దాయనా అనో పిలిచినా సరే. అతను చెప్పే భ్రమను కాదని వాదించరాదు, ఔననీ ఒప్పుకోరాదు. భయంగా ఉందా, అన్నం తిన్నావా, నిద్రపోయి ఎన్నాళ్లయింది అని అడగాలి. కాలం గడుస్తున్నకొద్దీ ఉద్రేకం సాధారణంగా తగ్గుతుంది కాబట్టి, ఆయుధం గాని తక్షణ ప్రమాదం గాని లేనప్పుడు అరగంట ఆలస్యం పోలీసు చేతకానితనం కాదు, అతని నైపుణ్యం. పట్టుకోక తప్పని పరిస్థితిలోనైనా బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టరాదు. ఊపిరి ఆడక మనిషి అక్కడే చనిపోవచ్చు.

తాగుబోతు అన్న ముద్ర విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రక్తంలో చక్కెర పడిపోయినవారు, తలకు దెబ్బ తగిలినవారు, మూర్ఛ వచ్చి తేరుకొంటున్నవారు అచ్చం తాగినవారిలాగే తూలుతారు, పొంతన లేకుండా మాట్లాడుతారు. ఏళ్ల తరబడి తాగినవాడు ఉన్నట్టుండి మానితే రెండు మూడు రోజులకు చేతులు వణికి, పురుగులు పాకుతున్నట్టు కనిపించి, ఒళ్లు కాలిపోయి, వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి వస్తుంది; వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తింది ఈ కారణంగానే. పొద్దున తేరుకొంటాడులే అని అలాంటివాణ్ణి లాకప్పులో పడుకోబెట్టడమంటే అతని ప్రాణంతో జూదమాడడమే.

లోకంలో ఇతరులు ఏమి చేశారో చూడడానికి అమెరికాలోని మెంఫిస్ నగరం చాలు. అక్కడ 1987లో, కత్తితో తన్ను తాను గాయపరచుకొంటున్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు, ఊరు అట్టుడికింది, మరుసటి ఏడు పోలీసు శాఖ, విశ్వవిద్యాలయాల వైద్యులు, రోగుల కుటుంబాలు కలిసి, ఇష్టపడి ముందుకు వచ్చిన కానిస్టేబుళ్లకు 40 గంటల శిక్షణ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. దీని గురించి చెప్పేవారందరూ ఆ 40 గంటలనే పొగడుతారు. అసలు కిటుకు మరొకటి: పోలీసు తెచ్చిన రోగిని కాదనకుండా, వేచి ఉండనీయకుండా చేర్చుకొంటామని ఒక ఆసుపత్రి ఒప్పుకొన్నది. ఆ తలుపు తెరచి ఉండకపోతే ఏ శిక్షణా నిలవదు. క్యాజువాలిటీలో నాలుగు గంటలు నిలబెట్టి, ఇక్కడ సైకియాట్రిస్టు లేరు, పై ఆసుపత్రికి పొండి అని చీటీ చేతిలో పెడితే, మరోసారి ఆ కానిస్టేబుల్ రోగిని ఆసుపత్రికి తేవడు. ఊరి పొలిమేర దాటించి వదిలేస్తాడు. ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో 1989 నుంచి పోలీసుకు బదులు వైద్య సహాయకుడు, కౌన్సెలరు వ్యానులో వెళ్లే సేవ నడిచింది. 2025లో నిధులు లేక ఆ నగరంలో ఆగిపోయింది. ఇంగ్లండులో పోలీసులు ఆరోగ్య సంబంధమైన పిలుపుల నుంచి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. రాత్రి పదకొండు తర్వాత ఠాణా తప్ప మరే కార్యాలయమూ తెరచి ఉండని మన మండలాలలో ఆ పద్ధతి పనికిరాదు; ఇక్కడ పోలీసు తప్పుకొంటే మిగిలేది గుంపు.

ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న వనరులు తక్కువేమీ కావు. 2005 నుంచి 108 అంబులెన్సు నడుస్తున్నది. గ్రామ, వార్డు సచివాలయాలలో మహిళా పోలీసులు ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరు మందులు మానేశారో, ఎవరి తల్లి రాత్రుళ్లు భయపడుతున్నదో ఠాణా కంటే ముందు తెలిసేది వారికే గనుక, పోలీసులకు తరచు అవగాహన శిక్షణ ఇవ్వాలని 30వ సెక్షను పెట్టిన బాధ్యతను ప్రభుత్వం వారి దగ్గరే మొదలుపెట్టాలి. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికీ జిల్లా ఠాణాలకూ మధ్య రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి; రాత్రి వేళ ఏ వైద్యుణ్ణి పిలవాలో, ఆ నంబరు ప్రతి ఠాణా గోడ మీద ఉండాలి. ఇది కోట్ల రూపాయల పథకం కాదు, ఒక సర్క్యులరు, ఒక రిజిస్టరు.

విద్యార్థులకు మరీ దగ్గరైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి గాని శిక్షించరాదని 2017 చట్టం 115వ సెక్షను చెప్పింది; 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309వ సెక్షనును వదిలేసింది. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే దాచే కుటుంబాలకు ఈ మాట చేరవేయవలసినవారు చదువుకున్నవారే. విశాఖపట్నంలో ఒక కోచింగు విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, వందమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలరు ఉండాలని ఆదేశించింది.

పట్టభద్రులకు విన్నపం ఇది. వీధిలో అటువంటి మనిషి కనిపించిన నాడు వీడియో తీయడానికి ముందు 108కు, 112కు రెండింటికీ ఫోను చేయండి. తాగుబోతు అనకండి, పిచ్చివాడు అనకండి, జబ్బుగా ఉన్నట్టున్నాడు, ఆయుధం లేదు, ఫలానా చోట ఉన్నాడు అని చెప్పండి. వచ్చిన పోలీసుకు ఇంట్లోవారి నంబరు ఇచ్చి, ఆసుపత్రి దాకా తోడు వెళ్లండి. ఇంట్లోనే ఎవరికైనా తోడు కావలసి వస్తే, 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు, ఉచితంగా, తెలుగులోనూ పలుకుతుంది.