కొడవలి కణముల రోగము – పిల్లల పరిచర్య



క్షయకు సరియైన మందు పుట్టకపూర్వమే, 1915లో, మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున చికిత్సాలయము వెలసినది. నాడు రోగులకు విశ్రాంతి, గాలి, ఆహారము, నర్సుల శ్రద్ధయే ఆధారములు. పరిచర్య విలువ ఈ సీమకు క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఎఱ్ఱకణము గుండ్రముగ, మెత్తగ నుండి సన్నని నాళములలో సైతము జారిపోవును. కొందరు పిల్లలలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అది కొడవలివలె వంగి బిఱుసెక్కును. భారతదేశమున దీనిని 1952లో నీలగిరుల గిరిజనులలో కనుగొనిరి. తెలుగునాట పాడేరు, అరకు మన్యమునను, ఆదిలాబాదు ప్రాంతమునను కలదు. నిమ్మనపల్లెకిది దూరపు ముచ్చట యనరాదు. ఇచ్చటి యువజనులు ఉపాధ్యాయులుగ, నర్సులుగ ఎచ్చటికి పోవుదురో యెవరెఱుగుదురు?

మామూలు కణము 120 దినములు జీవించును. ఇది 10–20 దినములకే నశించును. అందుచే బిడ్డ పాలిపోవును, కన్నులు పచ్చబడును. కామెర్లని వాతలు పెట్టించుట కేవలము క్రౌర్యము. కణములు నాళములకడ్డుపడగా ఎముకలలో దుర్భరమైన నొప్పి పుట్టును. పైకి గాయము కానరాదు గనుక బడి యెగవేతకు నటన యని పెద్దలు కసరుదురు. బిడ్డ చెప్పిన నొప్పిని నమ్మవలెను. నొప్పిచోట గోరువెచ్చని కాపడమే గాని మంచుగడ్డ కూడదు. ఈ సీమ పుష్యమాసపు చలి తగులనీయరాదు. చన్నీటి స్నానము మాన్పవలెను.

అన్నిటికంటె ముఖ్యము నీరు. ఈ పిల్లల మూత్రపిండములు నీటిని నిలుపుకొనలేవు. పక్క తడుపుట సామాన్యము. అందులకై కొట్టుట అన్యాయము, సాయంత్రము నుండి నీళ్లు మాన్పించుట అపాయము. నీరు తగ్గినకొలది కణములు మఱింత వంగును. బడిలో నీళ్లకును, బయటికి పోవుటకును ఉపాధ్యాయుడు అడ్డు చెప్పరాదు.

ప్లీహము పసితనముననే చెడును గనుక జ్వరము భయంకరము. 101 డిగ్రీలు దాటినచో తెల్లవారువఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ఐదేండ్లవఱకు దినమునకు రెండుమార్లు పెనిసిలిన్ ఇయ్యవలెను. పసివారికట్లు ఇచ్చుటచే ఒక తీవ్ర సూక్ష్మక్రిమి రోగము 84 శాతము తగ్గినదని 1986లో అమెరికా పరిశోధన తేల్చినది. టీకాలు తప్పనిసరి. తల్లి ఎడమ డొక్క క్రింద తడిమి చూచుట నర్సు వద్ద నేర్వవలెను. అచ్చట హఠాత్తుగా ఉబ్బి బిడ్డ తెల్లబోయినచో గడియ కూడ జాగు చేయరాదు.

తల్లిదండ్రులిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట ఒక పాలు బిడ్డకీ రోగము రావచ్చును. కోడలినొక్కతెను నిందించు అత్తగారు దీనిని గమనింతురు గాక! 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము ఈ రోగ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించినది. 40 ఏండ్లలోపువారికి రక్తపరీక్ష అందులో ముఖ్యభాగము. వివాహమునకు ముందే ఆ పరీక్ష జరుగుట మేలు.