శిథిలాలు మోసేవారి ఊపిరికి పూచీ ఎవరు?



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ గాలికి బస్తీలలో పేదల ఇళ్ల సిమెంటు రేకులు ఎగిరిపడి ముక్కలయ్యాయి. సహాయానికి వెళ్లిన మనవాళ్లం వాటిని వట్టి చేతులతో ఎత్తాం, సుత్తులతో చితక్కొట్టి గుంతలు పూడ్చాం. సదుద్దేశంతోనే చేశాం, కానీ తెలియక అపాయాన్ని పెంచాం.

ఆ రేకులలో సిమెంటుతోపాటు ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార ఉంటుంది. రేకును విరిచినా, కోసినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తులలో పాతుకుపోతాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. జబ్బు బయటపడడానికి సాధారణంగా దశాబ్దాలు పడుతుంది.

ఈ జాప్యమే పేదవాడికి శాపం. ముప్పై ఏళ్ల తరువాత ఆయాసంతో ఆసుపత్రికి చేరిన కూలీ, ఆనాడు శిథిలాలు మోశానని ఏ కాగితంతో నిరూపించగలడు? గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, కాగితం లేని కష్టానికి కార్యాలయాలలో విలువ లేదని నాకు తెలుసు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే హక్కు అని 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని పరిశ్రమలను ఆదేశించింది. శిథిలాలు ఎత్తే దినకూలీకి అటువంటి రికార్డు ఏదీ?

కనుక తుపాను రాకముందే మున్సిపాలిటీకి మూడు కోరికలతో అర్జీ పెడదాం. రేకుల ముక్కలను మిగతా చెత్తతో కలపక, తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో మూటకట్టి వేరుగా తరలించాలి. ఆ పనిచేసిన ప్రతి కూలీ పేరూ రిజిస్టరులో రాయాలి. ఇల్లు కోల్పోయినవారికి ఆస్బెస్టాస్ లేని పైకప్పు ఇవ్వాలి.

మన బాధ్యతలూ ఉన్నాయి. రేకులను పగలగొట్టవద్దు. ముందు నీళ్లు చల్లండి. చేతిరుమాలు చాలదు, ఆస్బెస్టాస్ పోగులను ఆపగల తగిన మాస్కు, చేతి తొడుగులు ధరించండి. పొడి చీపురుతో ఊడ్వవద్దు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ముక్కలను పొయ్యి చుట్టూ, కాలువల మీదా వాడవద్దు.

దారిలోని హానికర వస్తువును తొలగించడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆ సదఖా చేసేవారికి హాని కలగకుండా చూడడం మనందరి బాధ్యత.