చెరసాలలో సూది దారము



సూది దారము అనగానే మనకు ఇంటి ఆడువారు జ్ఞప్తికి వత్తురు. చలికాలమునకు ముందు పాతచీరలు పేర్చి బొంతలు కుట్టుట, తలగడ గలీబులపై పువ్వులు, లతలు దిద్దుట మన యిండ్లలో చిరకాలముగా ఉన్నదే. ఈ పనినే, నేరములు చేసి శిక్ష ననుభవించుచున్న మగవారు, గది తలుపు మూసిన పిమ్మట ఒంటరిగా కూర్చుండి చేయుచున్నారన్నచో మొదట నమ్మబుద్ధి కాదు. ఇంగ్లండు దేశపు చెరసాలలలో ఇది నేడు జరుగుచున్న సంగతి. దానివలన మన గ్రామములు గ్రహింపదగినది కలదని తోచి ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

ఈ పనికి మూలము రెండు వందల సంవత్సరముల నాటిది. 1813లో ఎలిజబెత్ ఫ్రై అను ఇల్లాలు లండనులోని న్యూగేటు చెరసాలను చూడబోయెను. అచ్చట స్త్రీలు పసిబిడ్డలతో కూడ కిక్కిరిసిన గదులలో, చేయుటకు పని లేక, కలహములతో కాలము గడుపుచుండిరి. 1817లో ఆమె మరికొందరు స్త్రీలను కూర్చుకొని ఒక సంఘము స్థాపించి, ఖైదీస్త్రీలకు చదువును కుట్టుపనిని నేర్పింపసాగెను.

ఆ కాలమున ఇంగ్లీషు ప్రభుత్వము నేరస్థులను ఓడల కెక్కించి ఆస్ట్రేలియాకు పంపివేయుచుండెను. 1841లో ‘రాజా’ అను పేరుగల ఓడలో ఇంచుమించు 180 మంది స్త్రీలు నేడు టాస్మేనియా అనబడు ద్వీపమునకు పంపబడిరి. ఫ్రై స్థాపించిన సంఘమువారు అట్టి స్త్రీలకు సూదులు, దారములు, గుడ్డముక్కలు ఇచ్చి పంపుచుండిరి. మూడు నెలలకు పైగా సాగిన ఆ సముద్రయానములో వారిలో కొందరు 2,815 గుడ్డముక్కలను చేర్చి ఒక గొప్ప బొంత కుట్టిరి. తమకు తోడ్పడిన సంఘమునకు కృతజ్ఞతను దానిపై దారముతోనే వ్రాసిరి. అది నేడు ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలోని జాతీయ కళాప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. తమ దేశమే వెలివేసినవారు కుట్టిన బొంతను నేడొక దేశము నిధివలె కాపాడుకొనుచున్నది.

ఇరువదవ శతాబ్దములో ఈ పనిని మరియొక మెట్టు పైకి తెచ్చినది ఆన్ ట్రీ అను దొరసాని. గొప్పవంశమున పుట్టియు ఆమె ఏండ్లతరబడి చెరసాలలకు పోయి ఖైదీలను పలుకరించుచుండెను. పని యిచ్చిన మాత్రమున చాలదు, ఆ పనికి కూలి ముట్టవలెనని ఆమె పట్టుదల. గదిలో చేసిన పనిపై ఖైదీలు సొమ్ము గడించుటకు నాటి నిబంధనలు ఒప్పలేదు. ఆమె అనేక సంవత్సరములు ప్రభుత్వముతో వాదించి ఒప్పించెను. తుదకు 1997లో ‘ఫైన్ సెల్ వర్క్’ అను ధర్మసంస్థ పని ప్రారంభించెను. ఆమె 2010లో మరణించెను. సంస్థ సాగుచునే యున్నది.

కుట్టుపనిలో ఆరితేరినవారు జీతము కోరకయే చెరసాలలకు పోయి నేర్పుదురు. ఖైదీకి గళ్లుగల ముదుకగుడ్డయు, రంగురంగుల ఉన్నిదారములును, నమూనాయు ఇత్తురు. గళ్లు లెక్కించుచు ఒక్కొక్క కుట్టు వేయవలెను. ఒక గడి తప్పెనా పువ్వు వంకరపోవును. విసిగి లాగినచో దారము తెగును. ఓపికతో విప్పి మరల కుట్టుట తప్ప వేరుదారి లేదు. తలగడ గలీబులు, బొంతలు మొదలగునవి ఈ రీతిని తయారై అమ్ముడుపోవును. వచ్చిన సొమ్ములో కొంతభాగము కుట్టినవానిది. దానిని కొందరు ఇంటికి పంపుదురు. కొందరు విడుదలనాటికి కూడబెట్టుకొందురు. కొన్నవారు మెచ్చి వ్రాసిన ఉత్తరములును కుట్టినవానికి చేరును. 2010లో లండనునందలి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలవారు పూర్వపు గొప్పబొంతల సరసన, వాండ్స్‌వర్త్ చెరసాలలోని మగ ఖైదీలు కుట్టిన బొంతను గూడ ఉంచిరి.

మన జైళ్లకును పని క్రొత్తది కాదు. వరంగల్లు కేంద్ర కారాగారపు ఖైదీలు నేసిన జంపఖానాలు పేరుపొందినవి; ఆ పాతభవనములు 2021లో పడగొట్టబడినవి. నష్టపడినవాడు ఏడ్చుచుండగా నష్టపెట్టినవానికి కూలి యేల అని మీరడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. దీనికి మన సుప్రీంకోర్టు గుజరాతు రాష్ట్రపు వ్యాజ్యములో 1998లో బదులు చెప్పినది. కఠినశిక్ష పడినవారిచే పని చేయింపవచ్చును. కాని దానికి తగిన కూలి ఇవ్వవలెను. ఆ కూలిలో కొంతభాగము నేరమువలన బాధపడినవారికి చెందునట్లు ఏర్పాటు జరుగవలెను. చెడగొట్టిన చేయియే కష్టించి కొంతయైనను పూడ్చవలెనన్న ఈ ధర్మము మన పంచాయతీలకు పరాయిది కాదు.

సూది పట్టిన ప్రతివాడును సాధువగునని నేను చెప్పను. ఐనను ఒక మాట మాత్రము నిశ్చయముగా చెప్పగలను. శిక్ష పడినవారిలో మిక్కిలిమంది ఏదో యొకనాడు తమ ఊరికి తిరిగి వత్తురు. వచ్చినవానితో రచ్చబండకడ ఎవరును మాటలాడక, పొలమున ఎవరును కూలికి పిలువకయున్నచో, వానిని ఆదరించువారు పాత చెలికాండ్రే. అప్పుడు చెరసాలలో నేర్చిన ఓర్పు నెలనాళ్లలో నీరుగారిపోవును. నష్టము మరల మన ఊరిదే.

కావున అట్టివాడు వచ్చినపుడు మీరు రెండు పనులు చేయుడు. మొదట, వానివలన బాధపడిన కుటుంబము వద్దకు పోయి వారి గోడు వినుడు. క్షమింపుడని వారిని బలవంతపెట్టకుడు. వారికి భయము లేదని ధైర్యము చెప్పుడు. పిదప వానిని పిలిచి, జైలులో ఏమి పని నేర్చితివని అడుగుడు. నేతయైనను, వడ్రంగమైనను, కుట్టుపనియైనను, అది ఊరిలో సాగుటకు కొంత దారి చూపుడు. మొదట చిన్నపని ఇచ్చి, సాయంకాలమునకు కూలి చేతిలో పెట్టుడు. నమ్మకము ఒక్కొక్క కుట్టుగానే పెరుగును.

ఎంత చక్కగా కుట్టినను, దారము కొసను ముడి వేయనిచో కుట్టంతయు ఊడిపోవును. చెరసాల గోడలలోపల కుట్టిన కుట్టునకు ముడి వేయవలసిన చోటు గ్రామము. వేయవలసినవారు పెద్దలైన మీరు.