పెరటి రేగుచెట్టు

భోగినాటి సాయంకాలము పసిబిడ్డల తలపై భోగిపండ్లు పోయని తెలుగిల్లు అరుదు. రేగుపండ్లు, చెరకుముక్కలు, పూలరేకులు, చిల్లర నాణెములు కలిపి పేరంటాండ్రు దోసిళ్ళతో పోయుదురు. రథసప్తమినాడు జిల్లేడాకులతోపాటు రేగుపండును శిరస్సుపై నుంచుకొని స్నానము చేయుట మన పెద్దల ఆచారము. రెండు పండుగలకు ఇంత దగ్గరి చుట్టమైన ఈ చెట్టును మనము పెరటిలో ఆదరించునది తక్కువ. చాలచోట్ల అది తనంతట మొలచి, తనంతట పెరుగును. ముల్లు గుచ్చుకొన్ననాడు మాత్రము మనకు గొడ్డలి జ్ఞాపకము వచ్చును.

మా యింటిలోను ఒకనాడు గొడ్డలి బయటికి వచ్చినది. కొన్నియేండ్ల క్రిందట నేనొక మంచి జాతి అంటుమొక్కను కొనితెచ్చి బావిప్రక్కన నాటితిని. మొదటి కాపు కోడిగ్రుడ్డంత కాయలతో కన్నులపండుగగా నుండెను. తరువాత ఒక వేసవిలో మేకలు దానిని కొరికివేసినవి. మరల చిగిర్చినదిగదా యని సంతోషించి ఊరకుంటిని. చెట్టు ఇంతయై అంతయైనది. కాని కాసినవి బఠాణీగింజకంటె కొంచెము పెద్దవైన పుల్లని కాయలు. వానిలో సగము పురుగులు. మా మనుమరాలి మొదటి భోగిపండ్లకు, పెరటిలో చెట్టుండగానే, అంగడినుండి పండ్లు కొనితేవలసి వచ్చెను. అమ్మినవాడు మోసగించెనని నేను, చెట్టు కొట్టించుడని ఇంటివారు.

కొట్టుటకు వచ్చిన ముసలి తోటమాలి గొడ్డలి దించి, మొదలువద్ద కూర్చుండి, మట్టి తొలగించి చూచెను. “బాబూ, మీరు కొన్న కొమ్మ ఎప్పుడో చచ్చిపోయినది. ఇది దానికి అడుగున నున్న అడవిరేగు. చెట్టు మిమ్ము మోసగించలేదు” అనెను. మోసము అమ్మినవానిదియు కాదు. అంటు క్రిందనుండి పుట్టిన చిగుళ్ళను గిల్లివేయని అజాగ్రత్త నాది.

కావున రేగును పెంచదలచినవారు మొదట దానిని గుర్తించుట నేర్వవలెను. ఆకు తిరుగవేసి చూడుడు. పైభాగము నిగనిగలాడు పచ్చదనము; అడుగుభాగము తెల్లని మెత్తని నూగు. తొడిమవద్దనుండి మూడు ఈనెలు స్పష్టముగా బయలుదేరును. కణుపువద్ద తరచుగా రెండు ముండ్లుండును; ఒకటి నిటారుగా, రెండవది కొక్కెమువలె వంగి యుండును. నడివేసవిలో ఆకు రాల్చి విశ్రమించి, వానలతో చిగిర్చి, వర్షకాలపు చివరను ఆకుపచ్చ కలిసిన పసుపువన్నె చిన్నపూలు పూచి, సంక్రాంతి నాటికి పండ్లనిచ్చును. ఇది మన రేగు.

దీనికి దాయాదులు కలరు. పొదయై నేలబారుగా పెరిగి, చిన్న గుండ్రని ఆకులతో, చిన్న ఎఱ్ఱని పండ్లు కాచునది నేలరేగు. ప్రక్క చెట్లపై ప్రాకి, నిగనిగలాడు నల్లని చిన్నపండ్లు కాచునది పరికి. చైనాదేశమున ఖర్జూరమువలె ఎండబెట్టి తిను రేగు వేరొక జాతి. దాని ఆకు అడుగున తెల్లని నూగుండదు. అది చలికాలమున ఆకు రాల్చును. చలిదేశములకు తగిన ఆ చెట్టు మన మైదానముల వేడిమిలో చక్కగా కాయదు. పుస్తకములలో రెండింటికిని ఒకే పేరు తగిలించుట కద్దు గనుక, మొక్క కొనునపుడు ఆకు తిరుగవేసి చూచుట మేలు.

అంటుచెట్టులో అడుగుమొక్క పైకి వచ్చినదో లేదో తెలియుటకు కొమ్మను పట్టుకొని క్రిందికి రావలెను. అంటుకట్టినచోట మొదలుపై చిన్న బొడిపెయో, వంపో కనబడును. కొమ్మ దానికి పైనుండి పుట్టినచో మనది. దాని క్రిందనుండి పుట్టినచో అడవిది. ఒకే చెట్టున రెండు తీరుల ఆకులు, రెండు తీరుల ముండ్లు కనబడినను అనుమానింపవలెను.

అనుమానము నిజమైనను చెట్టును కొట్టివేయ బనిలేదు. అడవిరేగు వేరు భూమిలో లోతుగా దిగి నీటిని వెదకికొనును. అట్టి వేరు మనము కొన్నను దొరకని ఆస్తి. దానిపై మంచి కొమ్మను నిలుపుటయే ఉపాయము. మా తోటమాలి చేసినదియు నిదియే. చెట్టు ఆకు రాల్చిన వేసవిలో మొదలును మోకాలెత్తున రంపముతో కోసెను. చుట్టును చిగుళ్ళు వెలువడగా, బలమైన మూడింటిని మాత్రముంచి తక్కినవి తీసివేసెను. అవి పెన్సిలంత లావైన పిమ్మట, తొలకరి దాటిన దినములలో, మంచిచెట్టు లేతకొమ్మనుండి ఉబ్బిన కన్నొకటి బెరడుతో సహా డాలువలె చెక్కి తెచ్చెను. ఆకును కోసివేసి తొడిమను మాత్రము నిలిపెను. మన చిగురుపై బెరడును అడ్డముగా ఒక గాటు, దాని నడుమనుండి క్రిందికి ఒక గాటు పెట్టి, అంచులెత్తి, కన్నును లోపలికి జొనిపి, కన్ను మాత్రము బయట కనబడునట్లు పట్టీతో చుట్టెను.

రెండు మూడు వారములైన పిదప తొడిమను వ్రేలితో తాకవలెను. తాకగానే రాలినచో కన్ను అతికినది. ఎండి పట్టుకొనియున్నచో అతుకలేదని యెఱిగి మరల కట్టవలెను. మా మూడింటిలో రెండతికినవి. అతికిన పిమ్మట కన్నుకు పైనున్న కొమ్మను కోసి, క్రొత్త చిగురు గాలికి విరుగకుండ కఱ్ఱ కట్టవలెను. కన్నుకు క్రిందనుండి వచ్చు ప్రతి చిగురును గిల్లివేయవలెను. ఈ చివరి మాటను మరచినందుననే నా మొదటి చెట్టు పోయినది.

క్రొత్తగా నాటువారు రెండడుగుల గొయ్యి త్రవ్వి, మట్టితో బాగుగా చివికిన పశువుల యెరువు కలిపి నింపి, వానకాలమున అంటుమొక్కను నాటవలెను. అంటు నేలలో పూడరాదు. విత్తునుండి పెంచగోరువారు గింజలను ఉప్పునీటిలో వేసి, తేలినవానిని పారవేసి, మునిగినవానిని ఉంచుకొనవలెను. టెంకను మెల్లగా పగులగొట్టి పప్పును విత్తినచో త్వరగా మొలచును. అయితే తల్లి తీపి పిల్లకు వచ్చునని నమ్మరాదు. ఆ మొలకపై అంటు కట్టవలసినదే. చాల రకములు తమ పుప్పొడితో తాము చక్కగా కాయవు. స్థలమున్నచో ఇరువది అడుగుల ఎడముతో ఉమ్రాన్, గోలా, సేబ్ వంటి రకములలో రెండు నాటుట మంచిది. ఇటీవల వ్యాపించిన ఆపిల్‌రేగు పెద్ద తొట్టిలోను పెరుగును గనుక మేడలపై నివసించువారికి అనుకూలము.

రేగు పూచునది ఆ యేటి క్రొత్తకొమ్మపైననే. కావున ప్రతి వేసవిలోను, ఆకు రాలిన తరుణమున, గడచిన యేటి కొమ్మలను కత్తిరించుట తప్పనిసరి. కత్తిరింపని చెట్టు ముండ్లకంప యగును, కాయలు చిన్నవగును. కాయ ఊరు దినములలో నీరు పెట్టినచో పరిమాణము హెచ్చును. పండును తొలుచు పురుగు ఒక ఈగ సంతానము. అది రాలిన పండునుండి నేలలోనికి దిగి కోశస్థదశలో దాగియుండును. రాలిన పండ్లను ఏనాటివానిని ఆనాడే ఏరి నాశము చేసి, వేసవిలో చెట్టుక్రింది మట్టిని తిరుగవేసినచో దాని బలము తగ్గును. పిందెలపై తెల్లని పొడి కనబడినచో అది బూడిదతెగులు. నీటిలో కలియు గంధకపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లవలెను.

పండిన రేగులో విటమిన్ సి సమృద్ధిగా నుండును. తినగా మిగిలినవానిని బెల్లము, పచ్చిమిరప, జీలకఱ్ఱ, ఉప్పు చేర్చి దంచి, బిళ్ళలుగా తట్టి యెండబెట్టిన రేగువడియములు ఏడాది పొడుగునను పిల్లల జేబులలో నుండదగినవి.

మా చెట్టు అంటుకట్టిన మూడవ యేట మనుమరాలి తమ్మునికి భోగిపండ్లు పోసితిమి. ఆ పండ్లు మా పెరటివి. దోసిలిలో పట్టనంత పెద్దవగుటచే, బిడ్డ తలకు నొప్పి కలుగునేమోయని మా యింటివారు వానిని ముక్కలుగా కోసి పోసిరి. మీ పెరటిలోను కొట్టదలచిన రేగుచెట్టున్నచో, గొడ్డలి యెత్తుటకు ముందు ఒక్కసారి మొదలువద్ద కూర్చుండి మట్టి తొలగించి చూడుడు.