రిటైరయ్యాక ఎంత ఇల్లు కావాలి?

భూపాలపల్లి గనుల్లో పనిచేసే సింగరేణి కార్మికుడు 61 ఏళ్లకు రిటైరవుతాడు. ఆపై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. చేతికందిన సొమ్ముతో ఎంత ఇల్లు కట్టుకోవాలన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

పండక్కొచ్చే పిల్లల కోసమని చాలామంది పై అంతస్తు వేస్తారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గదులకు తాళమే. ఊడ్చేది, బూజు దులిపేది మాత్రం పెద్దవాళ్లిద్దరే.

తెలంగాణ ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు: రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. దంపతులకు ఒక గది, వచ్చిపోయేవాళ్లకు ఒకటి సరిపోతాయి. ఇంకా జాగా ఉంటే పెంచాల్సింది స్నానాలగదిని. వీల్‌చైర్ పట్టేలా మూడడుగుల తలుపు, కాలు జారని గరుకు టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. గడప ఎత్తు ఉండకూడదు.

ఇల్లు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూసుకోవాలి. జనగామ, మహబూబాబాద్‌లలో రైల్వే స్టేషన్ ఉంది. హైదరాబాద్‌లో ఆసుపత్రికైనా, పిల్లల దగ్గరికైనా రైలెక్కొచ్చు. భూపాలపల్లికి ఆ వసతి లేదు, హన్మకొండ దాకా రోడ్డు ప్రయాణమే. భూపాలపల్లిలో బస్టాండుకు, దవాఖానకు నడిచి వెళ్లగలిగే చిన్న ఇల్లు, ఊరి చివర పెద్ద ఇంటికన్నా నయం.

కొనేముందు మంచం, బీరువా కొలతలు రాసుకుని వెళ్లి, వాటి చుట్టూ మనిషి తిరిగే చోటు మిగులుతుందో లేదో టేపుతో చూసుకోవాలి.