వాడ సంఘము – లెక్కల పుస్తకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్యము గాదు. ఈ శుభదినమున వాడ సంఘములను గూర్చి ముచ్చటింపుమని నిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. గ్రంథాలయమును ఇరుగుపొరుగువారు నడుపుకొను సంఘమే గనుక విషయము సందర్భోచితముగనే యున్నది.

నాగార్జునసాగరము ఎడమ కాలువ నీరు పాఱిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు ధాన్యసంపన్నములైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ మార్గమున పెరిగినవి. నానాగ్రామములనుండి వచ్చినవారు క్రొత్త వాడలు కట్టుకొనిరి. వీరికి పూర్వపరిచయము లేదు. తాతలనాటి వరుసలు లేవు. మురుగు కాలువకైనను, వీధిదీపమునకైనను వీరిని కలుపునది సంఘమొక్కటియే.

సంఘము పెట్టుకొనుట మన పెద్దలకు క్రొత్త గాదు. 1921లో హైదరాబాదున సంఘసంస్కార సభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్తను కొందఱు గేలిచేయగా, ఆ అవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. 53వ నంబరు గస్తీ నిషాన్ వలన ఆ కాలమున సభ జరుపుటకే ప్రభుత్వానుమతి కావలసియుండెడిది. నేడు మనకా నిర్బంధము లేదు, కొఱవడినది శ్రద్ధయే.

2001వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు చేరిన చాలును. సంఘము పేరు, చిరునామా, ఆశయములు తెలుపు పత్రమును, నియమావళిని రిజిస్ట్రారుకు సమర్పింపవలెను. నమోదైన సంఘము తన పేరనే ఆస్తి పొందగలదు, వ్యాజ్యము నడుపగలదు. ఇది స్వల్పవిషయము గాదు. అందఱును చందాలు వేసికొని కొన్న స్థలమును నమ్మకముకొలది ఒకరి పేర వ్రాయించినచో, ఆ పెద్దమనిషి గతించిన నాడు వారసులు వచ్చి మాదే యందురు. దస్తావేజులో వారి తండ్రి పేరే యుండగా వారిని నిందించి ఫలమేమి?

నమోదుతోనే పని ముగియదు. ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను. పిదప 15 దినములలో కార్యవర్గ సభ్యుల పట్టికను రిజిస్ట్రారుకు పంపవలెను. మొదటి యేట ఉత్సాహముతో చేసి, మూడవ యేట మఱచువారు పెక్కుమంది. అట్టి సంఘమునకు పలక మిగులును గాని ప్రాణము మిగులదు.

సభాపర్వమున నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో, గణకులు ప్రతిదినమును ఉదయముననే ఆయవ్యయములను చూచుచున్నారా యనునది యొకటి. ధర్మరాజంతటివాని నడిగిన ప్రశ్నను మన కోశాధికారి నడిగిన తప్పేమి? లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక చెప్పుచున్నాను: లెక్క అడుగుట అనుమానము గాదు, లెక్క చెప్పుట అవమానము గాదు. చందా పది రూపాయలైనను రసీదు ఇయ్యవలెను. తీర్మానములను సభలోనే వ్రాసి, చదివి, సంతకములు చేయింపవలెను. నిధిని సంఘము పేర బ్యాంకులో నుంచి, ఇద్దఱి సంతకములతో తీయవలెను. ఏటికొకమాఱు జమాఖర్చులను అందఱి యెదుట బిగ్గరగ చదువవలెను. చదువురాని సభ్యుడును వినును గదా.

మన గ్రంథాలయమున పెద్దలైనను, పిల్లలైనను సంతకము చేసియే పుస్తకము తీసికొనిపోవుచున్నారు. ఇరువదియైదేండ్లు ఇది నిలిచినది ఆ నియమము వలననే. మన మూడు పట్టణములలోని ప్రతి వాడయు అట్టి నియమమును చేపట్టుగాకయని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.